కొత్త కలప తోటకు పర్యావరణ అంచనా, అనుమతులు: మొదటి రోజు నుంచి మొక్క నాటే దాకా

"ఫారం ఎక్కడ దొరుకుతుంది, అందులో ఏం రాయాలి?" కలప తోట వేయాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇదే. ఫారం నింపడం ఒక పూట పని. దాని వెనక జరగాల్సిన పనికి మాత్రం ఒక్కోసారి ఏడాది పడుతుంది. దరఖాస్తులు దెబ్బతినేది కూడా అక్కడే. ముందు మొక్కల వరసలు గీసేసుకుంటారు, తర్వాత ఆ గీతలకు తగ్గట్టు సర్వే రాయించుకుంటారు. ఈ పద్ధతిని తిరగేయండి. ఎక్కడ నాటకూడదో ముందు తేలాలి. మిగిలిన నేలే మీ తోట.

నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి. కింద ఇచ్చిన అంకెలు ఆయా దేశాలవి. మీకు వర్తించే అంకెను సంబంధిత శాఖ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. పని వరస మాత్రం ఎక్కడైనా దాదాపు ఇదే.

## 1. మీ భూమి ఏ పద్ధతి కిందికి వస్తుందో తేల్చుకోండి

ప్రభుత్వాలు కొత్త తోటలను అదుపు చేసే పద్ధతులు స్థూలంగా నాలుగు.

విస్తీర్ణం దాటితే పరిశీలన, అంటే పూర్తి పర్యావరణ అంచనా కావాలా వద్దా అని శాఖ చూడడం. స్కాట్లాండ్‌లో 2017 నాటి నిబంధనల ప్రకారం, సున్నిత ప్రాంతం (ప్రకృతి, వారసత్వ విలువల కోసం ప్రత్యేకంగా గుర్తించిన చోటు) కాని చోట కొత్త అడవికి 20 హెక్టార్లు హద్దు. జాతీయ సుందర ప్రాంతంగా ప్రకటించిన చోట 2 హెక్టార్లే. మిగతా సున్నిత ప్రాంతాల్లో అసలు హద్దే లేదు, ఎంత చిన్న తోటైనా పరిశీలనకు రావాల్సిందే.

ప్రతి తోటకూ లైసెన్సు. ఐర్లాండ్‌ది ఈ దారి. అక్కడ 50 హెక్టార్లు, ఆపైన ఉంటే పూర్తి పర్యావరణ ప్రభావ అంచనా తప్పదు.

షరతులు పాటిస్తే అనుమతి అక్కర్లేదు. న్యూజీలాండ్‌లో నేలకోత ముప్పును బట్టి భూములను వర్గాలుగా విడదీశారు. తక్కువ ముప్పున్న చోట, దేశమంతటికీ ఒకటిగా పెట్టిన షరతులకు లోబడి నాటుకోవచ్చు. ముప్పు పెరిగేకొద్దీ అనుమతి అవసరమవుతుంది.

తోటను నీటి వాడకంగా లెక్కించడం. దక్షిణాఫ్రికా 1998 నాటి జాతీయ జల చట్టం వాణిజ్య తోటలను వాగుల ప్రవాహాన్ని తగ్గించే పనిగా చూస్తుంది. అందుకే అక్కడ నీటి లైసెన్సు కావాలి.

ఒకే భూమికి రెండు మూడు పద్ధతులు కలిసి వర్తించవచ్చు. అటవీ శాఖ సరేనన్నంత మాత్రాన నీటి శాఖ పని అయిపోయినట్టు కాదు. శాఖకు వెళ్లేటప్పుడు ఇవి చేతిలో ఉంచుకోండి:

- హద్దులు గీసిన మ్యాపు, మొత్తం విస్తీర్ణం, అందులో నిజంగా నాటబోయే విస్తీర్ణం
- భూమి ప్రస్తుత వాడకం: మేత, సాగు, పొద, చిత్తడి
- రక్షిత ప్రాంతాలు ఎంత దూరంలో ఉన్నాయి
- కొత్తగా వేయాల్సిన దారులు, తవ్వాల్సిన కంకర గుంటలు (వీటికి విడిగా హద్దులుంటాయి, చాలామంది మరిచిపోయేది ఇదే)

## 2. తోటను ముక్కలు చేసి చూపకండి

హద్దు 20 హెక్టార్లయితే 19 హెక్టార్ల దరఖాస్తు పెట్టి, మరుసటి ఏడాది పక్కనే ఇంకో 19 పెడదామనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. వినకండి. అధికారులకు ఈ ఎత్తు కొత్తేం కాదు. 1999లో ఐరోపా న్యాయస్థానం ఐర్లాండ్‌ను తప్పుపట్టింది దాదాపు ఈ విషయంలోనే. ఆ దేశం విస్తీర్ణాన్ని మాత్రమే హద్దుగా పెట్టుకుని, భూమి ఎలాంటి చోట ఉంది, చిన్న చిన్న ప్రాజెక్టులన్నీ కలిస్తే ప్రభావం ఎంత అన్నవి వదిలేసింది. అలా కుదరదని కోర్టు తేల్చింది.

చేయాల్సిన పని ఇది. మీ భూమి నీళ్లు ఏ వాగులోకి దిగుతాయో చూడండి. అదే వాగులోకి నీళ్లు దిగే మిగతా తోటలన్నీ మ్యాపు మీద మూడు రంగుల్లో గుర్తించండి: ఇప్పటికే ఉన్నవి, అనుమతి వచ్చినవి, దరఖాస్తులో ఉన్నవి. మీరు తర్వాతి దశలో నాటాలనుకుంటున్న భూమి ఉంటే అదీ చూపండి. దాచి దొరికిపోతే మొత్తం ఫైలు మీదే అనుమానం పడుతుంది.

## 3. నాటే తేదీ నుంచి వెనక్కి లెక్కేయండి

పక్షుల సర్వే గూళ్లు పెట్టే కాలంలోనే చేయాలి. గడ్డి జాతులను పూత మీద ఉన్నప్పుడే గుర్తుపట్టగలం. ఊటలు, సన్న కాలువలు బయటపడేది వానలు పడ్డాకే. వాగు కనిష్ఠ ప్రవాహం తెలిసేది ఎండల్లో. అంటే ఒక్క సీజన్ తప్పితే ఏడాది పోయినట్టే. నర్సరీలో మొక్కలు బుక్ చేసి అడ్వాన్సు కట్టేసి, తర్వాత సర్వే సీజన్ దాటిపోయిందని తెలిసి టెన్షన్ పడేవాళ్లను చూశాను. మొక్కల ఆర్డరు అనుమతి తర్వాతే.

శాఖ తీసుకునే సమయం కూడా కలపండి. ఐరోపా యూనియన్‌ నిబంధనల్లో, అవసరమైన సమాచారమంతా అందాక పూర్తి అంచనా కావాలా వద్దా అన్నది మామూలుగా 90 రోజుల్లోపు చెప్పాలి. పూర్తి నివేదిక మీద జనం అభిప్రాయం చెప్పడానికి కనీసం 30 రోజులు ఇవ్వాలి. ఈ మధ్యలో వాళ్లు అదనపు సమాచారం అడిగితే గడియారం ఆగిపోతుంది.

## 4. నేలను కడ్డీతో పొడిచి చూడండి, సగటుతో మోసపోకండి

పాత మ్యాపులు, ఉపగ్రహ చిత్రాలు, నేల రకాల పటాలు ముందు ఇంట్లో కూర్చుని చూసుకోండి. అది ఒకట్రెండు రోజుల పని. నేలమీది పని మొదలయ్యేది కడ్డీతో.

కుళ్లిన మొక్కలతో ఏర్పడిన నల్లటి చిత్తడి నేల, అంటే పీట్, ఎక్కడున్నా తోటకు అదే పెద్ద అడ్డు. మొక్కల కోసం నీరు తీసేసి దున్నితే, వేల ఏళ్లుగా అందులో నిలవ ఉన్న కర్బనం గాలిలో కలుస్తుంది. చెట్లు పీల్చేదానికంటే నేల వదిలేదే ఎక్కువయ్యే ప్రమాదముంది. స్కాట్లాండ్ ఉత్తరాన ఫ్లో కంట్రీలో 1980లలో పన్ను రాయితీల కోసం పీట్ మీద విస్తారంగా నాటారు. 1988 బడ్జెట్లో ఆ రాయితీ ఎత్తేశారు. ఇప్పుడు అక్కడ అవే చెట్లు నరికి, కాలువలు పూడ్చి, చిత్తడిని తిరిగి తెస్తున్నారు. ఆ ప్రాంతం 2024లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. బ్రిటన్‌లో 50 సెంటీమీటర్లకు మించిన లోతున్న పీట్ మీద కొత్త తోటలకు ఇప్పుడు అనుమతి ఉండదు.

కొలిచే తీరు: సెంటీమీటర్ల గుర్తులున్న సన్నని ఇనుప కడ్డీ తీసుకోండి. భూమిని 100 మీటర్ల గడులుగా విడదీసి, ప్రతి గడి మూల దగ్గర నిటారుగా దింపండి. పీట్‌లో కడ్డీ వెన్నలో దిగినట్టు దిగుతుంది. కింద రాయి తగిలితే టక్కున ఆగి చేతికి ఝల్లుమంటుంది. బంకమట్టి అయితే మెల్లగా బిగుసుకుంటుంది. గులక అయితే గరగరమంటుంది. ఏది తగిలిందో కూడా అంకె పక్కనే రాయండి.

ఒక వరసలో 18, 22, 31, 64, 20 వచ్చాయనుకుందాం. సగటు 31. "లోతు 50 లోపే" అని రాసేస్తే అది తప్పు నివేదిక. ఆ 64 దగ్గర ఒక గుంట ఉంది. అక్కడ 10 మీటర్లకొకసారి మళ్లీ పొడిచి గుంట అంచు ఎక్కడుందో పట్టుకోండి. ఆ అంచే మ్యాపు మీద మీ మొదటి ఎర్ర గీత, అంటే నాటకూడని చోటుకు గుర్తు.

పీట్ లేని చోట నేల వాలు, కోత ముఖ్యం. పాత కొండచరియల గుర్తులు, వంగి పెరిగిన చెట్లు, వానకు చీలిన గండ్లు కనిపిస్తే ఫొటో తీసి జీపీఎస్ గుర్తు పెట్టుకోండి.

## 5. నీటి లెక్క: పొరుగువాడు ముందు అడిగేది ఇదే

"చెట్లు వానలు తెస్తాయి కదా" అనే జవాబు ఇక్కడ పనికిరాదు. గడ్డి నేలను తోటగా మారిస్తే వాగులోకి చేరే నీరు తగ్గుతుంది. లోకమంతటి నుంచి సేకరించిన పరివాహక ప్రాంతాల (ఒక వాగులోకి నీళ్లు దిగే నేలంతా కలిపి) కొలతలను కలిపి చూసిన ఒక పరిశోధన 2005లో వచ్చింది. దాని ప్రకారం గడ్డి భూముల్లో అడవి పెంచితే ఏడాది ప్రవాహం సగటున 44 శాతం, పొద నేలల్లో 31 శాతం పడిపోయింది. జామాయిల్ తోటల్లో తగ్గుదల పైన్ తోటల కంటే ఎక్కువ. అలాగని ప్రతి తోటా వాగును ఎండబెట్టదు. పరివాహక ప్రాంతంలో 20 శాతం కంటే తక్కువ భాగం మారితే, ప్రవాహంలో తేడాను కొలిచి పట్టుకోవడం కష్టమని చాలాకాలంగా తెలుసు. కాబట్టి మీ తోట హెక్టార్ల కంటే, అది పరివాహక ప్రాంతంలో ఎంత శాతమో ముందు లెక్కేయండి. ఆ అంకె ఒక్కటే సగం వాదనలు తేల్చేస్తుంది.

తర్వాత వాగుల వెంట నడవండి. మ్యాపులో లేని కాలువలు వానాకాలంలో కనీసం రెండు మూడు బయటపడతాయి. ఎవరి తాగునీటి ఊట ఎక్కడుందో ఆ ఇళ్లవాళ్లనే అడగండి. ఏ మ్యాపూ చెప్పదు.

వాగు పక్కన దున్నకుండా, నాటకుండా వదిలే పట్టీని బఫర్ అంటారు. అది ఎంత వదలాలి? బ్రిటన్ అటవీ ప్రమాణాల్లో 2 మీటర్ల లోపు వెడల్పున్న వాగుకు 10 మీటర్లు, అంతకు మించితే 20 మీటర్లు, తాగునీరు తీసుకునే చోటు చుట్టూ 50 మీటర్లు. న్యూజీలాండ్‌లో ఏడాది పొడవునా పారే వాగు 3 మీటర్ల లోపు ఉంటే 5 మీటర్లు, అంతకు మించితే 10 మీటర్లు. ఈ అంకెలు కనీసాలు. వాలు ఎక్కువైతే పెంచండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కంప్యూటర్‌లో నీలి గీతకు అటూ ఇటూ 10 మీటర్లు గీస్తారు. ఆ గీత వాగు మధ్యరేఖ. నేలమీద గట్టు అంచు నుంచి కొలవాలి. రెండోది, మొక్క ఒక్కటే బఫర్ బయట ఉంటే చాలదు. దున్నిన నాగటి చాలు, తవ్విన కాలువ కూడా బఫర్‌కు ముందే ఆగాలి. కాలువ నేరుగా వాగులో కలిస్తే మధ్యలో బఫర్ ఉన్నా లేనట్టే, బురదంతా పైపులో పోసినట్టు దిగిపోతుంది.

## 6. జీవజాలం: ఖాళీ నేల అనుకోకండి

దరఖాస్తుల్లో తరచూ కనిపించే మాట "బీడు భూమి". చెట్టు లేనంత మాత్రాన బీడు కాదు. పాత గడ్డి నేలలు, చిత్తడులు కొన్ని జీవులకు ఉన్న ఒకే ఇల్లు. నేలమీద గూడు పెట్టే పక్షులు చెట్ల అంచును చూసి దూరం జరుగుతాయి. ఫ్లో కంట్రీలో కొన్ని జాతుల మీద ఆ ప్రభావం అడవి అంచు నుంచి 700 మీటర్ల దాకా కనిపించింది. అందుకే సర్వే మీ కంచె దగ్గర ఆగకూడదు.

సర్వే చేసే నిపుణుడిని పనిలో పెట్టుకునే ముందు అడగాల్సినవి:

- ఎన్నిసార్లు వస్తారు, ఏయే నెలల్లో? (ఒక్కసారి వచ్చి "ఏమీ కనిపించలేదు" అంటే ఎవరూ ఒప్పుకోరు)
- కంచె బయట ఎంత దూరం చూస్తారు?
- ముడి నోట్సు, జీపీఎస్ గుర్తులు మాకు ఇస్తారా?

మీరు నాటే జాతి కంచె దాటి పాకుతుందా అన్నది ఇంకో ప్రశ్న. గాలికి విత్తనం ఎగిరే పైన్ జాతులతో న్యూజీలాండ్ చాలా ఇబ్బంది పడింది. అందుకే అక్కడ నాటే ముందు స్కోరు లెక్కేస్తారు. జాతి ఎంత వేగంగా పెరుగుతుంది, పశువులు దాన్ని తింటాయా, గాలికి ఎదురుగా గట్టు మీద ఉందా, గాలి వాలున ఉన్న నేలలో మేత ఉందా అన్నవి చూస్తారు. మీ చట్టం అడగకపోయినా ఈ ప్రశ్నలకు జవాబులు రాసిపెట్టుకోండి.

పాత సమాధులు, కోటగోడలు, గుర్తించిన పురావస్తు స్థలాలు ఉంటే సంబంధిత శాఖ జాబితాతో సరిచూసి, చుట్టూ ఖాళీ వదలండి. బ్రిటన్‌లో రక్షిత కట్టడానికి 20 మీటర్లు.

## 7. ఎర్ర గీతలన్నీ ఒక్క మ్యాపు మీదికి

ఇప్పుడు పీట్ గుంటలు, బఫర్లు, ఊటలు, గూళ్ల చోట్లు, పురావస్తు స్థలాలు, కరెంటు లైన్లు, కాలిబాటలు అన్నీ ఒకే షీటు మీద వేయండి. వేశాక నాటదగ్గ నేల మీరు అనుకున్నదానికంటే తక్కువే వస్తుంది. గుండె జారినా, ఈ అంకెతోనే ఖర్చు లెక్కలు మళ్లీ వేసుకోండి. అప్పటికీ గిట్టుబాటు కాదనిపిస్తే ఇక్కడే ఆగిపోవడం చౌక.

మిగిలిన నేలలో జాతుల వాటా చూసుకోండి. బ్రిటన్ ప్రమాణాల తాజా కూర్పు 2024 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. దాంట్లో ఒకే జాతి 65 శాతానికి మించకూడదు. ముందు కూర్పులో ఇది 75 శాతం ఉండేది. కనీసం 10 శాతం ఖాళీగా వదలాలి. బఫర్లు, పీట్ గుంటలు ఈ ఖాళీలో చాలా వరకు సర్దుకుంటాయి, కాబట్టి రెండుసార్లు నష్టపోతున్నట్టు బాధపడక్కర్లేదు.

## 8. నరికే రోజును ఇప్పుడే ఊహించండి

నాటేటప్పుడు ఎవరూ నరికివేత గురించి ఆలోచించరు. 2018 జూన్‌లో న్యూజీలాండ్ తూర్పు తీరాన టొలాగా బే దగ్గర కుండపోత వానలకు, నరికిన తోటల్లో వదిలేసిన దుంగలు, కొమ్మా కంపా కొట్టుకొచ్చి పొలాల మీదా తీరం మీదా మేటవేశాయి. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుపానుకు ఆ ప్రాంతంలో మళ్లీ అదే జరిగింది. నిటారు వాలు మీద నాటిన రోజే ఆ ముప్పుకూ బీజం పడింది.

దరఖాస్తులోనే చూపాల్సినవి: కలప ఏ దారిన బయటికి పోతుంది, వాగు దాటాలంటే వంతెన ఎక్కడ, నరికాక కొమ్మాకంప ఎక్కడ పేరుస్తారు, ఒకే ఏడాది ఒకే వాలు మీద ఎంత మేర నరుకుతారు. వీటికి జవాబు దొరకని వాలును నాటే మ్యాపు నుంచి తీసేయండి.

## 9. పొరుగువాళ్లతో ముందే మాట్లాడండి

నోటీసు బోర్డు చూసి తెలుసుకున్న పొరుగు రైతు అభ్యంతరం రాస్తాడు. మ్యాపు పట్టుకుని ఇంటికి వెళ్తే తన ఊట ఎక్కడుందో చూపిస్తాడు. మందలు నడిచే దారి, వంటచెరకు తెచ్చుకునే చోటు, మేత హక్కు, ఇంటి మీద పడే నీడ అన్నీ అడిగి రాసుకోండి. ఎవరు ఏం అడిగారు, దానికి మీరు మ్యాపులో ఏం మార్చారు అన్నది రెండు నిలువు వరసల పట్టికగా దరఖాస్తుకు జతచేయండి. మార్చలేకపోతే ఎందుకో రాయండి.

## 10. దరఖాస్తు రాసే తీరు

"వాగుపై ఎలాంటి ప్రభావం ఉండదు" అనే వాక్యం ఏ అధికారినీ ఒప్పించదు. దాని బదులు ఇలా రాయండి:

"తూర్పు వాగు వెడల్పు 1.4 మీటర్లు. గట్టు అంచు నుంచి ఇరువైపులా 10 మీటర్ల మేర దున్నడం, నాటడం ఉండదు. 3, 4 గడుల్లోని కాలువలు బఫర్‌కు ముందే గడ్డి మీద ముగుస్తాయి. పెద్ద వాన మర్నాడు సూపర్‌వైజరు నీటి రంగు చూసి రిజిస్టరులో రాస్తారు. బురద కనిపిస్తే పని ఆపుతారు."

ప్రతి అంశానికీ ఇదే మూస: ఏముంది, ఏం చేస్తాం, ఎలా తెలుస్తుంది, తేడా వస్తే ఏం చేస్తాం.

శాఖ పూర్తి అంచనా కావాలంటే కంగారుపడకండి. ముందుగా ఏయే అంశాలు ఎంత లోతుగా చూడాలో వాళ్లతో రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి. దీన్నే స్కోపింగ్ అంటారు. ఇది వదిలేస్తే అక్కర్లేని అధ్యాయాలకు డబ్బు పోస్తారు, కావాల్సిన ఒక్కటి మిగిలిపోతుంది. నివేదికలో ప్రస్తుత పరిస్థితి, పరిశీలించిన ప్రత్యామ్నాయాలు, ప్రభావాలు, తగ్గించే చర్యలు, తర్వాతి పర్యవేక్షణ, సామాన్యులకు అర్థమయ్యే సారాంశం ఉండాలి. ప్రత్యామ్నాయాల్లో ఇంకో జాతి, ఇంకో హద్దు చూపండి. తేలిగ్గా కొట్టిపారేసే డమ్మీలు పెట్టకండి.

## 11. ఫైలు వెనక్కొస్తే

- "సమాచారం చాలదు": ఏ అంశమో అడిగి, ఆ ఒక్క సర్వేనే మళ్లీ చేయించండి. మొత్తం తిరగరాయకండి.
- మ్యాపుల్లో విస్తీర్ణాలు కలవడం లేదు: అన్నీ ఒకే మూల ఫైలు నుంచి మళ్లీ తీయండి. తేదీ, వెర్షన్ నంబరు వేయండి.
- సర్వే పాతబడింది: ఆ సీజన్‌లో కొత్తగా ఒకసారి చూసి, మారినవి మాత్రమే చేర్చండి.
- రెండు శాఖలు రెండు మాటలంటున్నాయి: ఇద్దరినీ భూమి మీదికి ఒకే రోజు పిలవండి. ఉత్తరాలతో మూడు నెలలైనా తేలనిది గట్టు మీద నిలబడితే గంటలో తేలుతుంది.

## 12. అనుమతి వచ్చాక, యంత్రం దిగే ముందు

అనుమతి పత్రంలోని షరతులు, గడువు తేదీ ఒక కాగితం మీదికి ఎక్కించండి. బఫర్ల అంచున రంగు పూసిన కర్రలు పాతించండి. ఎర్ర గీతల మ్యాపు లామినేట్ చేసి డ్రైవర్ క్యాబిన్‌లో పెట్టండి. ఆఫీసులో ఉన్న మ్యాపు డ్రైవరుకు కనపడదు. జాతి గానీ హద్దు గానీ మార్చాలంటే ముందు శాఖకు చెప్పి, జవాబు వచ్చాకే మార్చండి.

నాటే రోజు సాయంత్రం బఫర్ల వెంట ఒకసారి నడవండి. కట్టలో నాలుగు మొక్కలు మిగిలితే, పారేయడం ఎందుకని కూలీలు వాగు పక్కన మెత్తటి నేలలో గుచ్చేస్తారు. మరుసటి ఏడాది చచ్చిన మొక్కల చోట కొత్తవి వేసేటప్పుడూ ఇదే జరుగుతుంది. చేతితో పీకేసే సైజులో ఉండగానే తీయించండి.